అనంతపురం ఎండకు తట్టుకుని ఏళ్ళ తరబడి పూసే మొక్కలేవి?

అందరికీ నమస్కారం. అనంతపురంలో మా ఇంటికి పడమటి వైపు 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు స్థలం ఉంది. ఎర్ర నేల, అడుగు తవ్వితే గులకరాళ్ళే. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ. వేసవిలో వారానికి రెండుసార్లు, నాలుగేసి బిందెల బోరు నీళ్ళకు మించి పోయలేను. ఆ నీళ్ళు ఆరితే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది.

కాగితపు పూల మొక్కకు నీళ్ళు తగ్గించినకొద్దీ పూత పెరుగుతోంది. బిళ్ళగన్నేరు విత్తనాలు రాలి వాటంతటవే మొలుస్తున్నాయి. బాధంతా నూరువరహాలతోనే. ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపుబారుతోంది. నీళ్ళలోని సున్నం వల్ల ఇనుము అందడం లేదని నా అనుమానం. అది అమ్మ చేత్తో నాటిన మొక్క, పీకేయడానికి మనసు రావడం లేదు. ఆకులపై ఇనుము ద్రావణం చల్లి కోలుకునేలా చేసినవారు ఉన్నారా? ఎన్ని రోజులకొకసారి చల్లారు?

ఖాళీగా ఉన్న చోట తంగేడు పెంచాలని నా కోరిక. మన గుట్టల మీద ఎవరూ నీళ్ళు పోయకుండానే బంగారంలా పూస్తుంది కదా! విత్తనం నేరుగా నాటాలా, నారు పోయాలా? కత్తిరిస్తే గుబురుగా వస్తుందా? గన్నేరు మాత్రం సూచించకండి, మొక్కంతా విషమే, ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది.

ఇంకొకటి: తేమ నిలవడానికి మొదళ్ళలో వేరుశనగ పొట్టు పరిస్తే చెద పడుతుందా?