సగం కట్టిన పిట్స్ స్పెషల్ కొనవచ్చా?

గాలివాటం (డాలస్)
మా ఊరికి దగ్గరలో ఒక పెద్దాయన తన షెడ్డులో పిట్స్ ఎస్-1సి (గాలిలో విన్యాసాలకు వాడే ఒక సీటు చిన్న బైప్లేన్, అంటే పైనా కిందా రెండు రెక్కలుండే విమానం) పని సగంలో ఆపేశారు. ఫ్యూజలాజ్ (విమానం మొండెం) గొట్టాల వెల్డింగ్ అయిపోయింది. కింది రెక్కలు చట్రం వరకు వచ్చాయి. పై రెక్క ఇంకా మొదలుపెట్టలేదు, ఇంజను లేదు. వయసు మీదపడిందని అమ్మేస్తానంటున్నారు. నాకు ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉంది కానీ నడిపినవన్నీ సెస్నాల్లాంటి మామూలు చిన్న విమానాలే. ఇంట్లోవాళ్లేమో "విమానం ఎక్కితే చాలదా, కట్టాలా కూడా?" అంటున్నారు. కట్టినవారు, నడిపినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

చెక్కపని (ఒహాయో)
నేను ఎస్-1సిని ప్లాన్లు కొని మొదటినుంచి కట్టాను. ఆయన వెల్డింగ్ ముఖ్యం. అవి 4130 రకం ఉక్కు గొట్టాలు, అతుకుల దగ్గర తేడా ఉంటే మిగతా పనంతా వృథా. తెలిసిన వెల్డర్‌ను వెంట తీసుకెళ్లండి.

రెక్కల పని మాత్రం పూర్తిగా వడ్రంగమే. స్పార్లు (రెక్క పొడవునా ఉండే దూలాలు) స్ప్రూస్ చెక్కతో చేస్తారు. చట్రంలోని ప్రతి గదిలోనూ మూల నుంచి మూలకు తీగలు బిగించి, రెండు కర్ణాలూ సమానం అయ్యేదాకా సరిచేస్తూ పోవాలి. ఒకటి బిగిస్తే పక్క గది కదులుతుంది. ఓపిక ఉన్నదీ లేనిదీ ఇక్కడే తేలిపోతుంది. పై రెక్క 17 అడుగుల 4 అంగుళాల ఒకే ముక్క. కాబట్టి ముందు గ్యారేజీ కొలుచుకోండి.

బట్ట పని నాకు అన్నిటికంటే నచ్చింది. పాలియెస్టర్ బట్టను అతికించి, ఇస్త్రీపెట్టెతో విడతలుగా వేడి పెంచుతూ బిగువు తేవాలి. చివరి విడతకు 350 డిగ్రీల ఫారెన్‌హీట్. ఇస్త్రీపెట్టె మీద రాసిన అంకెల్ని నమ్మకుండా థర్మామీటరుతో చూసుకోండి. తరువాత మైనం పట్టించిన దారంతో బట్టను రిబ్బులకు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డపట్టీలకు) కుట్టాలి. రెక్కను నిలబెట్టి అటు మా ఆవిడ, ఇటు నేను సూది అందించుకున్నాం. ఆవిడ ముడులు నావాటికంటే బాగా వచ్చాయి, తనిఖీకి వచ్చినాయన కూడా అదే మాటన్నారు.

పాతకాగితాలు (వర్జీనియా)
నేను కట్టలేదు, నడపలేదు. ఈ విమానం చరిత్ర మాత్రం బాగా చదివాను.

దీన్ని రూపొందించిన కర్టిస్ పిట్స్ కట్టిన తొలి పిట్స్ స్పెషల్ 1944లో ఎగిరింది. అప్పట్లో గాలిలో విన్యాసాలంటే బరువైన పెద్ద బైప్లేన్లే. ఆయన మాత్రం ఎంత చిన్నగా, ఎంత తేలికగా చేయవచ్చో చూశారు. రెండు పొట్టి రెక్కల్ని తీగలతో బిగిస్తే గట్టిదనం వస్తుంది, వెడల్పు తక్కువ కాబట్టి చటుక్కున దొర్లుతుంది. పై రెక్క కాస్త వెనక్కి వాలి ఉండటం అందం కోసం కాదు. విమానాన్ని పైకి లేపే బలం వెనక్కి జరిగి, బరువు కేంద్రంతో సరిపోవాలని.

ఆయన కట్టిన రెండో పిట్స్ స్పెషల్‌ను 1948లో విన్యాసాల పైలట్ బెట్టీ స్కెల్టన్ కొని 'లిటిల్ స్టింకర్' అని పేరు పెట్టారు. ఇంజను 85 హార్స్‌పవర్ మాత్రమే. దాంతోనే ఆమె తలకిందులుగా ఎగురుతూ నేలకు పది అడుగుల ఎత్తులో రిబ్బన్ కత్తిరించేవారు. ఇప్పుడది మా ఊరి పక్కన చాంటిల్లీలో, స్మిత్‌సోనియన్ వారి ఉద్వర్-హేజీ మ్యూజియంలో తలకిందులుగానే వేలాడుతోంది. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలంతా డిస్కవరీ స్పేస్ షటిల్ వైపు పరుగెడతారు, నేను దీని దగ్గరే ఆగిపోతాను.

1960ల మొదట్లో ప్లాన్లు అమ్మకానికి వచ్చాక గ్యారేజీల్లో కట్టడం పెరిగింది. 1972లో ఫ్రాన్సులోని సలోన్-ద-ప్రొవాన్స్‌లో జరిగిన విమాన విన్యాసాల ప్రపంచ పోటీల్లో అమెరికా జట్టు పిట్స్‌లతోనే గెలిచింది. పురుషుల్లో చార్లీ హిల్లర్డ్, మహిళల్లో మేరీ గాఫనీ విజేతలు.

తోకచక్రం (ఫ్లోరిడా)
చరిత్ర బాగుంది కానీ దిగడం గురించి ఎవరూ మాట్లాడరేం? పిట్స్‌లో దిగేటప్పుడు ముందు రన్‌వే కనబడదు. ముక్కుకు అటూ ఇటూ కనిపించే రెండు అంచుల్ని చూసుకుంటూ దిగాలి. నేల తాకాక కాళ్లు రడ్డర్ (తోక దిశను తిప్పే పలక) పెడళ్ల మీద ఒక్క క్షణం బద్ధకించినా తోక పక్కకు తిరుగుతుంది. ఇంజను తగ్గిస్తే అది దిగే వేగం చూసి సెస్నా అలవాటున్నవారు కంగారుపడతారు. ఇలా ముక్కు కింద కాక తోక కింద చక్రం ఉండే విమానాలకు శిక్షకుడి ధ్రువీకరణ ఎలాగూ కావాలి. అది వచ్చాక రెండు సీట్ల ఎస్-2లో శిక్షణ తీసుకోండి. ఎస్-1లో ఒకటే సీటు కాబట్టి మొదటిసారే ఒంటరిగా ఎగరాలి.

నా మాట వింటే, విన్యాసాల మోజు లేకపోతే హ్యాట్జ్ సిబి-1 కట్టుకోండి. విస్కాన్సిన్‌లో జాన్ హ్యాట్జ్ రూపొందించారు, 1968లో ఎగిరింది. ఇద్దరు కూర్చోవచ్చు. సాయంత్రం పూట పొలాల మీద తాపీగా తిరగడానికి అదే హాయి.

చెక్కపని (ఒహాయో)
హ్యాట్జ్ మంచిదే. కానీ షెడ్డులో ఉన్నది పిట్స్ కదా! ఎస్-1సి ఏమిటో తెలుసుకుని కొంటే చాలు. దీని రెక్క కింది వైపు చదునుగా ఉంటుంది, ఐలెరాన్లు (విమానాన్ని పక్కకు దొర్లించే కదిలే పలకలు) కింది రెక్కకే. ఎస్-1ఎస్‌కు రెక్క రెండువైపులా ఒకే వంపు, నాలుగు ఐలెరాన్లు. తలకిందుల విద్యలకు అది మేలు, సరదాకు ఇది చాలు.

బేగంపేట కుర్రాడు (హైదరాబాద్)
నా దగ్గర రిమోట్‌తో ఎగిరే పిట్స్ నమూనా ఉందండీ. గాలి కొంచెం ఎక్కువైతే దాన్ని దించడమే గగనం. మన దేశంలో ఇలా సొంతంగా కట్టుకోవచ్చా? ముంబయిలో అమోల్ యాదవ్ మేడ మీద విమానం కట్టారని చదివాను.

పాతకాగితాలు (వర్జీనియా)
కట్టారు, 2017లో రిజిస్ట్రేషన్ కూడా వచ్చింది. దానికోసం ఆయన కార్యాలయాల చుట్టూ తిరిగిన తిరుగుడుతో ఇంకో విమానం కట్టవచ్చు. నమూనా మీద చెయ్యి తిరగనివ్వు బాబూ, ఆ అలవాటు ఎక్కడికీ పోదు.

గాలివాటం (డాలస్)
అందరికీ ధన్యవాదాలు. శనివారం చూడటానికి వెళ్తున్నాను. కాగితాల సంగతి ఏమిటి?

చెక్కపని (ఒహాయో)
ఆయన పని చేస్తూ తీసిన ఫొటోలు, లాగ్ పుస్తకం తప్పక అడగండి. పనిలో సగానికి పైగా సొంతంగా నేర్చుకోవడానికి, సరదాకు చేసిన ఔత్సాహికులదేనని ఎఫ్‌ఏఏకు (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థకు) చూపాలి. చేసినవారు ఇద్దరైనా ఫరవాలేదు, ఆధారం ఉండాలి. మీ పని కూడా మొదటి రోజు నుంచి ఫొటోలు తీయండి. ఏటేటా తనిఖీ మీరే చేసుకునే రిపేర్‌మన్ సర్టిఫికెట్ అడిగినప్పుడు అవే పనికొస్తాయి.

తోకచక్రం (ఫ్లోరిడా)
శనివారం మొనదేలిన ఇనుప చువ్వ, టార్చి పట్టుకెళ్లండి. తోక దగ్గర అడుగు గొట్టాల్లో నీరు చేరి లోపలినుంచి తుప్పు పడుతుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా చువ్వతో గట్టిగా పొడిచి చూడండి. దిగబడితే బేరం అక్కడితో ఆపేయండి. గట్టిగా ఉంటే స్పార్ల బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లేమైనా ఉన్నాయేమో టార్చి వేసి చూసి, ఆ తరువాతే ధర మాట్లాడండి.