యాప్ చూపించే ఎర్ర గీతలు: పట్టించుకోవాలా, వదిలేయాలా?

సీతాఫలం
అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు, కూకట్‌పల్లిలో ఉంటాం, రోజంతా కూర్చునే ఉద్యోగం. రెండో కాన్పు తర్వాత పెరిగిన బరువు దించుకుందామని సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఫోన్లో క్యాలరీలు లెక్కపెట్టే యాప్ వాడుతున్నాను. రోజుకు 1400 క్యాలరీలు పెట్టుకున్నాను. 68 కిలోల నుంచి 64కి వచ్చాను, ఆ విషయంలో యాప్‌కి దండం పెట్టాలి.

గొడవంతా కింద వచ్చే పోషకాల పట్టికతోనే. రోజూ పడుకునే ముందు తెరిస్తే సగం ఎర్రగా ఉంటుంది. నిన్నటి లెక్క ఇది: చక్కెర 58 గ్రాములు, హద్దు దాటింది. పొటాషియం 24 శాతమే. ఐరన్ 61 శాతం. ప్రొటీన్ 48 గ్రాములు, ఇంకా 22 తక్కువ. సోడియం ఒక్కటే పచ్చగా ఉంది, 1480 మిల్లీగ్రాములు.

తిన్నవి: పొద్దున రెండు పెసరట్లు, అల్లం పచ్చడి. మధ్యాహ్నం అన్నం, తోటకూర పప్పు, ఆవకాయ, పెరుగు. సాయంత్రం అరటిపండు, నాలుగు బిస్కెట్లు. రాత్రి రెండు చపాతీలు, బీరకాయ కూర, గ్లాసు పాలు. మధ్యలో రెండు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర.

మా ఆయన "ఆ పట్టిక చూడకు, నిద్ర పడుతుంది" అంటారు. మా ఆడపడుచు పొటాషియం తక్కువైతే గుండెకి మంచిది కాదని, రోజూ కొబ్బరిబోండాం తాగమని, ఏవో మాత్రలు కూడా చెప్పింది. ఎవరి మాట వినాలి?

పచ్చడిబండ
మీ ఆయన మాట వినండి. మా నాయనమ్మ 91 ఏళ్లు బతికింది, పొటాషియం అనే మాట ఆమె చెవిన పడలేదు. ఫోన్ వచ్చాక ఆకలి కూడా దాన్నే అడిగి తెలుసుకుంటున్నారు జనం.

కండలరాయుడు
మీ నాయనమ్మ పొలం పని చేసుంటారు బ్రో, అక్క చేసేది ల్యాప్‌టాప్ ముందు పని. పోలికే లేదు.

అక్కా, చక్కెర, పొటాషియం పక్కన పెట్టండి. ప్రొటీన్ గీత మాత్రం నమ్మండి. 48 గ్రాములు చాలవు. తక్కువ తింటూ బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. రెండు గుడ్లు కలపండి చాలు.

నేతిబీరకాయ
మా తారనాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్. 55 కిలోల ఆడమనిషికి 46 గ్రాములు చాలు. మీ జిమ్ వాళ్లు డబ్బా పొడి అమ్ముకోడానికే 100, 120 అంటారు.

కండలరాయుడు
ఆ 0.83 బరువు నిలకడగా ఉన్నవాళ్లకి సార్. ఆవిడ 55 కాదు 64 కిలోలు, పైగా కడుపు కట్టుకుంటున్నారు. నేను పొడి గురించి మాట్లాడనే లేదు, గుడ్లన్నాను.

డల్లాస్_అత్తయ్య
పిల్లలూ కొట్టుకోకండి. సీతాఫలం, నీ పొటాషియం లెక్క నేను కాగితం మీద వేసి చూశానమ్మా. ఇక్కడ అమెరికాలో ప్యాకెట్ల మీద పొటాషియానికి రాసే రోజువారీ అంకె 4700 మిల్లీగ్రాములు. నీ యాప్ ఆ అంకే పెట్టుకున్నట్టుంది. దాంట్లో 24 శాతమంటే దగ్గర దగ్గర 1130. కానీ ఇక్కడి నిపుణులే 2019లో పెద్దవాళ్లయిన ఆడవాళ్లకి 2600 చాలన్నారు. ప్యాకెట్ మీది అంకె మాత్రం అలాగే ఉండిపోయింది.

సరే, నువ్వు తిన్నది చూద్దాం. రెండు పెసరట్లకి 60 గ్రాముల పెసలు అనుకుంటే అందులోనే 700 దాకా వస్తుంది. పప్పులో నీ ఒక్కదాని వాటాకి వచ్చే కందిపప్పు 30 గ్రాములైతే 400. అరటిపండు 400. గ్లాసు పాలు 350. తోటకూర ఇంకో 300. పెరుగు, బీరకాయ, చపాతీలు కలిపితే 500 పైనే. మొత్తం 2600 దాటిపోయింది! మరి యాప్‌కి 1130 ఎలా వచ్చింది?

సీతాఫలం
అత్తయ్యగారూ, మీరు చెప్పాక ఒక్కొక్కటీ తెరిచి చూశాను. తోటకూర పప్పుకి పొటాషియం గడిలో చిన్న గీత ఉంది, అంతే. పెసరట్టుకీ గీతే. బిస్కెట్లకీ గీతే. అంకె ఉన్నవి అరటిపండు, పాలు, పెరుగు, చపాతీ మాత్రమే.

ల్యాబ్‌కోటు
దొరికింది దొంగ. గీత ఉంటే "తెలియదు" అని అర్థం. కానీ మొత్తం కూడేటప్పుడు యాప్ దాన్ని సున్నా కింద వేస్తోంది. చాలా యాప్‌లలో పదార్థాల వివరాలు వాడేవాళ్లే ఎక్కిస్తారు. ఎవరో ఒకాయన పెసరట్టుకి క్యాలరీలు, ప్రొటీన్, పిండిపదార్థం, కొవ్వు నింపి మిగతావి ఖాళీగా వదిలేశాడు. మన దగ్గర ప్యాకెట్ మీద సోడియం వేయాలి, పొటాషియం, ఐరన్ వేయనక్కర్లేదు. కాబట్టి ప్యాకెట్ చూసి ఎక్కించిన వాటిలో కూడా అవి ఉండవు.

అందుకని "తక్కువ" అనే ఎర్ర గీతల్లో చాలావరకు ఈ జబ్బు ఉండొచ్చు. ఒక పని చేయండి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు 528 ఆహారాల పట్టిక వేసింది. ఆ అంకెలతో మీ ఇంటి పప్పుని మీరే ఒకసారి ఎక్కించుకోండి. పచ్చి పప్పు తూకమా, ఉడికాక తూకమా అనేది మాత్రం చూసుకోండి. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల ప్రొటీన్ ఉంటే, ఉడికాక నీళ్లు చేరి వంద గ్రాములకి ఆరేడే మిగులుతుంది. సగం మంది లెక్క తప్పేది అక్కడే.

కృష్ణ_ఒడ్డున
పొటాషియం మాట వచ్చింది కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్తాను. నాన్నకి 67 ఏళ్లు. షుగరు, బీపీ. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) కొంచెం ఎక్కువని డాక్టర్ ముందే చెప్పి ఉన్నారు. నేనే ఆయన ఫోన్లో ఇలాంటి యాప్ ఒకటి వేసి ఇచ్చాను, అదే నా తప్పు. రోజూ "పొటాషియం తక్కువ" అని చూపిస్తుంటే ఆయన పొద్దున ఓ బోండాం, సాయంత్రం ఓ బోండాం తాగడం మొదలుపెట్టారు. దానికి తోడు ఇంట్లో ఉప్పు మార్చి సోడియం తక్కువుండే ఉప్పు తెప్పించారు. ఆ ఉప్పులో సోడియం బదులు కలిపేది పొటాషియమే అని మాకెవరికీ తెలియదు. బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్ కూడా ఒంట్లో పొటాషియం పెంచేదే.

మూడు వారాలకి కాళ్లలో సత్తువ లేదన్నారు. రక్తపరీక్ష చేస్తే పొటాషియం 6.3. ఐదు దాటకూడదట. రెండు రాత్రులు ఐసీయూలో ఉన్నారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. యాప్‌కి ఆయన కిడ్నీల సంగతి ఏం తెలుసు? మీ ఆడపడుచు చెప్పిన మాత్రలు మాత్రం డాక్టర్ని అడగకుండా ముట్టుకోకండి.

పచ్చడిబండ
ఇదిగో, నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే.

నేతిబీరకాయ
నేను మొన్నటిదాకా పచ్చడిబండ గారి పార్టీయే. మాది పూర్తి శాకాహారం, గుడ్డు కూడా ముట్టం. యాప్‌లో బి12 ఎప్పుడూ 15, 20 శాతం దగ్గరే ఆగేది. ఏడాదిన్నర పాటు నవ్వుకుని వదిలేశాను. తర్వాత అరికాళ్లు తిమ్మిర్లు, మాట మధ్యలో పేర్లు మర్చిపోవడం. వయసనుకున్నాను, నాకు 41 ఏళ్లే. పరీక్షలో 128 వచ్చింది, 200 కంటే తక్కువుంటే లోపమట. ఇంజెక్షన్లు వేయించుకున్నాను. తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి, ఎడమ కాలి బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉంది.

బి12 అనేది మొక్కల నుంచి రాదు. మాలాంటి వాళ్లకి పాలు, పెరుగే దిక్కు. నేనేమో క్యాలరీల కోసం పాలు మానేసి కూర్చున్నాను. యాప్ నిజమే చెప్పింది, వినలేదు.

పచ్చడిబండ
మీ కాళ్లు చెప్పాయి కదా సార్, యాప్ ఎందుకు?

నేతిబీరకాయ
కాళ్లు ఏడాదిన్నర ఆలస్యంగా చెప్పాయండీ.

పథ్యం
గుంటూరులో డైటీషియన్‌ని. సీతాఫలం గారూ, మీ గీతల్లో ఒక్కోదాని సంగతి ఒక్కోలా ఉంది, అన్నింటికీ ఒకే జవాబు చెప్పలేను.

చక్కెర: 58 గ్రాములు చూసి భయపడకండి. పండులో, పాలలో సహజంగా ఉండేది కూడా యాప్ అందులోనే కలిపేసింది. మీరు పైనుంచి వేసుకున్నది టీలో నాలుగు చెంచాలు, అంటే 16 గ్రాములు, బిస్కెట్లలో ఓ ఏడెనిమిది. 24 అయింది. 2024లో వచ్చిన జాతీయ ఆహార మార్గదర్శకాలు చెప్పిన హద్దు 25. అరటిపండు మానేసి బిస్కెట్లు ఉంచుకున్నవాళ్లని నేను చాలామందిని చూశాను, మీరు ఆ పని చేయకండి.

పొటాషియం గురించి డల్లాస్ అత్తయ్యగారి కూడిక బాగుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 3510 అంటుంది. అంటే అంకెల విషయంలో పెద్దలకే ఏకాభిప్రాయం లేదు. మీ కిడ్నీలు బాగుంటే ఇంకాస్త కూర, ఇంకో పండు తినండి. మాత్రలు వద్దు.

ఐరన్ దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. మీ యాప్ అమెరికా అంకె, 18 మిల్లీగ్రాములు, పెట్టుకుని 61 శాతం అంటోంది. అంటే యాప్ లెక్కలో మీకు అందేది 11. మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆడవాళ్లకి ఇచ్చిన అంకె 29! మన తిండి ఎక్కువగా ధాన్యం, పప్పు. వాటిలోని ఐరన్ ఒంటికి పట్టేది తక్కువ, భోజనం మీద టీ తాగితే ఇంకా తక్కువ. అందుకే పెద్ద అంకె. అయితే ఆ 29 దాదాపు అందరికీ సరిపోయేలా పైకి జరిపి పెట్టిన అంకె, సగటు అవసరం 15 మాత్రమే. 29కి చేరలేదు కాబట్టి రక్తహీనత ఉన్నట్టు కాదు. కానీ ఖాళీ గడుల సంగతి ఎలా ఉన్నా, యాప్ లెక్కలో మీరు 15 కూడా చేరడం లేదు, రెండు కాన్పులయ్యాయి, పైగా 1400 క్యాలరీల తిండి. క్యాలరీలు తగ్గిస్తే ఐరన్ అవసరం కూడా తగ్గుతుందనుకుంటారు చాలామంది, తగ్గదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత తేలింది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే పరీక్ష) చేయించుకోండి.

ఇక సోడియం. మీరు పచ్చగా ఉందని సంతోషపడ్డారు కానీ నాకు అసలు అనుమానం దాని మీదే. పెసరట్టు, అల్లం పచ్చడి, పప్పు, ఆవకాయ, బీరకాయ కూర, బిస్కెట్లు తింటే 1480 ఎలా అవుతుందండీ? పప్పులో మీ చెయ్యి ఎంత ఉప్పు వేసిందో యాప్‌కి తెలియదు. ఇంట్లో ఉప్పు ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. అయిపోయిన రోజు లెక్క చూద్దాం.

కండలరాయుడు
మేడమ్, ప్రొటీన్ గురించి ఏమీ అనలేదు.

పథ్యం
గుడ్లు తినమన్నారుగా, తినమనండి. అక్కడ మీతో గొడవ లేదు.

సీతాఫలం
నెల తర్వాత వస్తున్నాను, ఏమనుకోకండి.

హిమోగ్లోబిన్ 10.6, ఫెరిటిన్ 9, రెండూ తక్కువే. డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు, టీకి మాత్రకి మధ్య రెండు గంటలు ఎడం ఉంచమన్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే బరువు వల్లే అనుకునేదాన్ని. పొటాషియం 4.2, కిడ్నీలు బాగున్నాయి.

ల్యాబ్‌కోటు
సంతోషం. ఒక మాట మాత్రం. రక్తంలో పొటాషియం 4.2 ఉందంటే తిండిలో సరిపోతోందని కాదు. తక్కువ తిన్నా, ఎక్కువ తిన్నా కిడ్నీలు సర్దేసి ఆ అంకెని అక్కడే నిలబెడతాయి. కృష్ణ ఒడ్డు వారి నాన్నగారికి ఆ సర్దేవే దెబ్బతిన్నాయి. కూరలు మానకండి.

పచ్చడిబండ
ఆయాసం ఉందని ఏ డాక్టర్‌కి చెప్పినా ఆ పరీక్షే రాసేవాడు. మళ్లీ యాప్‌కి దండ వేయకండి.

సీతాఫలం
రాసేవారేనండీ, నేను వెళ్లేదాన్ని కాదు కదా.

ఇప్పుడు ఉప్పు సంగతి. కిలో ప్యాకెట్ 22 రోజులకి అయిపోయింది. మేమిద్దరం, అత్తగారు, ఏడేళ్ల పాప, రెండేళ్ల బాబు. బాబుని అరమనిషి కింద వేసి నలుగురున్నర అనుకున్నాం. మనిషికి రోజుకు పది గ్రాములు! అంటే సోడియం 4000 దగ్గర. తినాల్సింది ఐదు గ్రాముల ఉప్పేనట. ఆవకాయ ఇందులో లేదు, దానికి వేసవిలో కల్లుప్పు వేరే కొంటాం. యాప్ మాత్రం నిన్న రాత్రి కూడా పచ్చగానే చూపించింది.

కండలరాయుడు
కాలీఫ్లవర్ ఉప్పునీళ్లలో వేస్తారు కదా అక్కా, అదంతా పారబోసేదే. అది తీసేయాలి లెక్కలోంచి.

సీతాఫలం
తీసేశాను తమ్ముడూ. రెండుసార్లు వండాం, నాలుగు చెంచాలు. పెద్ద తేడా రాలేదు.

ఈ లెక్క విని మా ఆయన నవ్వారు కానీ అత్తగారు నవ్వలేదు. వంట ఎక్కువగా ఆవిడదే. పది రోజులు నాతో ముభావంగా ఉన్నారు. మొన్న కొత్త ప్యాకెట్ తెరిచి, కళ్లజోడు పెట్టుకుని, దాని మీద తేదీ ఆవిడే రాశారు. "చూద్దాం, ఇది ఎన్నాళ్లొస్తుందో" అన్నారు.

డల్లాస్_అత్తయ్య
మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. ఆవకాయ జాడీ మీద కూడా రాయించు.

పచ్చడిబండ
జాడీ జోలికి రాకండి.