బెర్లిన్‌కి కొత్త – కుక్క అరుపుల మీద ఉత్తరం వచ్చింది, ఏం చేయాలో చెప్పండి

మోఆబిట్ కొత్తమ్మాయి:

అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి ఇక్కడికి వచ్చి నాలుగు నెలలవుతోంది. మాతోపాటు మా బబ్లూ కూడా వచ్చాడు. ఐదేళ్ళ తెల్ల పామరేనియన్. వాడికోసం చిప్, రేబిస్ టీకా, నెల ఆగి రక్త పరీక్ష, ఆ తర్వాత మూడు నెలల ఎదురుచూపు, అన్నీ పడ్డాం. పటమటలో మా అత్తగారు రోజంతా ఇంట్లోనే ఉండేవారు. పాలబ్బాయి వచ్చినా, కూరగాయల బండి వచ్చినా అరిచేవాడు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇక్కడ మాది వెనక బిల్డింగులో మూడో అంతస్తు. మావారు ఆఫీసుకి వెళ్తారు, నేను తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా జర్మన్ క్లాసుకి. మొన్న హౌస్‌ఫెర్వాల్టుంగ్ (బిల్డింగు నిర్వహణ చూసే ఆఫీసు) నుంచి ఉత్తరం వచ్చింది. కుక్క గంటల తరబడి అరుస్తోందని పొరుగువాళ్ళు ఫిర్యాదు చేశారట, రెండు వారాల్లో సరిచేయాలట. అప్పట్నుంచి మెట్లు దిగాలంటేనే భయంగా ఉంది. వాడు నోరు తెరిస్తే చాలు, మూతి మీద చెయ్యి పెట్టి ఊరుకోబెడుతున్నాను. ఇల్లు ఖాళీ చేయిస్తారా? వాడి అరుపు తగ్గే దారి ఉందా?

ష్టెగ్లిట్జ్ బాబాయ్:

అమ్మా, ముందు గాబరా పడకు. ఉత్తరం పైన 'ఆబ్‌మానుంగ్' అని ఉందేమో చూడు. ఉంటే అది హెచ్చరిక, దాచి పెట్టాల్సిన కాగితం. అద్దె ఒప్పందం తప్పావని ఇల్లు ఖాళీ చేయించాలంటే మామూలుగా ముందు ఆ హెచ్చరిక ఇవ్వాలి. కాబట్టి రేపే సామాను సర్దుకోవాల్సిన పనేం లేదు. కానీ జవాబు ఇవ్వకుండా మాత్రం ఉండకు. నేను ఉండిపోయాను కనుక చెబుతున్నాను.

2014 సంగతి. మా రాజా లాబ్రడార్, అప్పటికి మూడేళ్ళు. ఉత్తరం వస్తే సూపర్‌మార్కెట్ కరపత్రాలతో కలిపి బుట్టలో పడేశాను, ఐదు వారాలు అక్కడే ఉంది. రెండో ఉత్తరంలో ఇల్లు ఖాళీ చేయించే మాట వచ్చింది. ఆ రాత్రి మా ఆవిడ, నేను నిద్రపోలేదు. పొద్దున్నే మీటర్‌ఫెరైన్ అనే అద్దెదారుల సంఘంలో సభ్యత్వం కట్టి, అద్దెదారుల తరఫున సలహా ఇచ్చే లాయరుగారి దగ్గర కూర్చున్నాం. ఉత్తరంతోపాటు కింది ఇంటావిడ రాసిన లెర్మ్‌ప్రోటోకోల్, అంటే చప్పుళ్ళ చిట్టా, పెట్టారు, పదకొండు పేజీలు. తారీఖు, మొదలైన టైము, ఆగిన టైము, అరుపు ఎట్లా ఉందో ఒక మాట. గళ్ళ కాగితం మీద నీలం ఇంకుతో, ఒక్క కొట్టివేత లేకుండా. చదువుతుంటే నాకు సిగ్గేసింది. మా ఆవిడ వేలు పెట్టి ఒక్కో వరసా చూస్తూ చటుక్కున ఆగింది. "ఏవండీ, ఈ వారం మనం భీమవరంలో ఉన్నాం కదా!" అంది. నిజమే. మా మరదలి పెళ్ళి. ఆ వారం రాజా బ్రాండెన్‌బుర్గ్‌లో కుక్కల హాస్టల్లో ఉన్నాడు. ఆ వారానికి ఆరు ఎంట్రీలు ఉన్నాయి! హాస్టల్ రసీదు కోసం ఇల్లంతా వెతికితే చివరికి నా చలికోటు లోపలి జేబులో దొరికింది.

మొదటి అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళకి కూడా కుక్క ఉందని అప్పుడు తెలిసింది. ఆ ఆరూ పోయాయి, మిగతావి మాత్రం మావే. రాజా అరిచిన మాట వాస్తవం. లాయరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "మీరు రాసుకున్న లెక్క ఏది?" అని. మా దగ్గర ఏమీ లేదు. అందుకే చెబుతున్నాను, ఇవాళే ఒక నోటుబుక్కు తీసుకో. బబ్లూ ఎప్పుడు అరిచాడో, ఎంతసేపో, ఇంట్లో ఎవరున్నారో రాయి. వాడు అరవని రోజూ రాయి.

తర్వాత ధైర్యం చేసి కింది ఇంటికి వెళ్ళాను. ఆవిడకి అప్పటికి ఎనభై దాటాయి. చెవికి మిషన్ ఉంది, కుక్క అరుపు అందులోంచి సూదిలా గుచ్చుకుంటుందని, తలనొప్పి వస్తోందని చెప్పింది. ఆ మాట ఆవిడ నోటితో వినేదాకా నాకు ఆవిడ మీద కోపమే. ఒక కాగితం మీద పెద్ద అంకెలతో నా ఫోన్ నంబరు రాసిచ్చాను. వాడు అరిచినప్పుడల్లా రెండే మాటల మెసేజ్ వచ్చేది, "ఎర్ బెల్ట్" అని, అంటే వాడు అరుస్తున్నాడని. పది రోజుల మెసేజ్‌లు వరసగా చూస్తే దాదాపు అన్నీ మధ్యాహ్నం రెండు దాటాకే. పార్సిల్ బండి వచ్చే వేళ. వాడు సోఫా ఎక్కి కిటికీలోంచి దాన్ని చూస్తున్నాడు. సోఫా జరిపాం, కిటికీ కింది భాగానికి పాలరంగు స్టిక్కర్ అంటించాం. నెల తిరిగేసరికి వారానికి ఒక మెసేజ్ వస్తే గొప్ప.

లిష్టెన్‌బెర్గ్ అన్న:

చెల్లీ, హుండెస్టాయర్‌కి, అంటే కుక్క పన్నుకి, రిజిస్టర్ చేశావా? బెర్లిన్‌లో మొదటి కుక్కకి ఏడాదికి 120 యూరోలు, రెండో దానినుంచి ఒక్కోదానికి 180. వచ్చిన నెలలోపల ఫినాన్స్‌ఆమ్ట్‌కి (పన్నుల ఆఫీసుకి) చెప్పాలి. దానికి తోడు 2022 నుంచి హుండెరెగిస్టర్ అనే కుక్కల రిజిస్టరులో విడిగా నమోదు చేయించాలి. కుక్కకి లయబిలిటీ ఇన్సూరెన్స్ కూడా ఇక్కడ తప్పనిసరి, కనీసం పది లక్షల యూరోల కవరేజీ ఉండాలి. చాలామంది మనవాళ్ళు టాక్స్ కట్టి అన్నీ అయిపోయాయనుకుంటారు, మూడూ వేరువేరు. గొడవ వచ్చినప్పుడు ఈ కాగితాలు లేకపోతే మన మాటకి విలువుండదు.

ఇంకోటి, అద్దె కాంట్రాక్టులో కుక్క గురించి ఏం రాశారు? కుక్కలు, పిల్లులు అసలే వద్దని అచ్చువేసిన షరతు చెల్లదని 2013లో కార్ల్స్‌రూహెలోని బీజీహెచ్ (సివిల్ కేసుల్లో ఇక్కడి అత్యున్నత కోర్టు) చెప్పింది. అలాగని అడక్కుండా పెంచుకోవచ్చని కాదు, ఇరుపక్షాల సంగతీ, పొరుగువాళ్ళ సంగతీ చూసి తేల్చాలంది. ఓనరు ఒప్పుకున్న ఈమెయిల్ ఉంటే ప్రింటు తీసి పెట్టుకో.

వెడింగ్ తమ్ముడు:

అక్కా, టెన్షన్ పడకండి. జర్మనీలో చట్టం క్లియర్‌గా ఉంది. కుక్క ఒక్కసారికి పది నిమిషాలు, రోజు మొత్తానికి అరగంట అరవొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా, రాత్రి పది నుంచి ఆరు దాకా మాత్రం అరవకూడదు. అరగంట లోపలైతే వాళ్ళు ఏమీ చేయలేరు, ఆ మాటే రాసి పంపండి.

ష్పాండౌ అక్క:

తమ్ముడూ, దయచేసి ఇలా చెప్పకు. అది చట్టం కాదు. 1993లో క్యోల్న్ హైకోర్టు ఒక కేసులో ఇచ్చిన తీర్పు. అది అందరి నోళ్ళలో నాని చట్టమైపోయింది. వేరే కోర్టులు ఆ లెక్కనే పట్టుకోవాలని లేదు. రాత్రి పది నుంచి ఆరు దాకా నిశ్శబ్దం బెర్లిన్ చట్టంలోనే ఉంది, ఆదివారాలకీ పండగలకీ కూడా విడిగా రక్షణ ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు అన్నది మాత్రం దేశమంతటికీ ఒకటే రూలు కాదు, మీ బిల్డింగు హౌస్‌ఓర్డ్‌నుంగ్, అంటే ఇంటి నియమాల కాగితం, చూసుకోవాలి. "మాకు అరగంట హక్కుంది" అని రాస్తే హౌస్‌ఫెర్వాల్టుంగ్ వాళ్ళకి ఒళ్ళు మండుతుంది. పొరుగువాళ్ళు ఇదే కారణం చూపి అద్దె తగ్గించి కడతామంటే ఆ నష్టం ఓనరుది, అందుకే వాళ్ళు అంత గట్టిగా రాస్తారు.

వెడింగ్ తమ్ముడు:

నా స్నేహితుడు ఆ తీర్పు చూపించి గెలిచాడక్కా. ఊరికే చెప్పలేదు.

ష్పాండౌ అక్క:

గెలిచి ఉండొచ్చు. ఈ అమ్మాయికి కావాల్సింది కేసు గెలవడం కాదు, ఆ మెట్ల మీద తలెత్తుకుని నడవడం.

ట్రెప్టోవ్ నుంచి:

ఇంత చర్చ ఎందుకండీ. అరిస్తే చిన్నగా షాక్ తగిలే కాలర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. మా కజిన్ అమెరికాలో వాడాడు, వారంలో ఆగిపోయింది.

పాంకో వదిన:

వద్దు. అమెరికా సంగతి అమెరికాది. కరెంటు కాలర్ కుక్కకి వాడటాన్ని ఇక్కడి జంతు సంరక్షణ చట్టం ఒప్పుకోదు, 2006లో లైప్‌జిగ్‌లోని ఫెడరల్ పరిపాలనా కోర్టు కూడా అదే తేల్చింది. ఎదురింటివాళ్ళు చూసి చెబితే అరుపుల కేసు కాస్తా హింస కేసవుతుంది. చట్టం పక్కన పెట్టినా, భయపడి అరిచే కుక్కకి షాక్ ఇస్తే దాని భయం ఎక్కడికి పోతుంది? అరుపు ఆగి, వణుకు మొదలవుతుంది.

అమ్మాయ్, నీ పోస్టులో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. అత్తగారు రోజంతా ఇంట్లో ఉండేవారని రాశావు. ఐదేళ్ళలో వాడు నాలుగు గంటలు ఒంటరిగా ఉన్న రోజు ఒక్కటైనా ఉందా? వాడు పెంకితనం చేయడం లేదు. ఒంటరిగా ఉండటం వాడికి రాదు, అంతే. మూతి మీద చెయ్యి పెట్టడం మానెయ్. అరవడం కొంత వాడి జాతిలోనూ ఉంది. మన దగ్గర పామరేనియన్ అని పిలిచేవి ఎక్కువగా స్పిట్జ్‌లు, వాటి మూలం ఈ దేశమే. పూర్వం ఇక్కడ పొలాల్లో, ద్రాక్షతోటల్లో కాపలాకి పెంచేవారు. ఎవరైనా వస్తే అరిచి చెప్పడమే వాటి ఉద్యోగం. పూర్తిగా మాన్పించలేం, తగ్గించగలం.

ముందు పాత ఫోన్ ఒకటి తలుపుకి ఎదురుగా పెట్టి వీడియో తీయి. వాడు ఎప్పుడు, దేనికి అరుస్తున్నాడో తెలియకుండా ఏ చిట్కా పనికిరాదు. నువ్వు వెళ్ళిన వెంటనే తలుపు దగ్గర ఏడుస్తూ, చొంగ కారుస్తూ, తలుపు గీరుతూ ఉంటే అది ఎడబాటు బాధ. హాయిగా పడుకుని, చప్పుడు వినబడగానే లేచి అరిస్తే అది కాపలా. రెంటికీ వైద్యం వేరు.

బాధైతే చాలా చిన్నగా మొదలుపెట్టాలి. తాళాలు తీసుకో, కూర్చో. బూట్లు వేసుకో, వెళ్ళి టీ పెట్టుకో. ఆ గలగల వినగానే వాడి గుండె జారిపోతుంది కదా, ఆ చప్పుడుకి అర్థం లేకుండా చెయ్యాలి. తర్వాత తలుపు బయటికి వెళ్ళి ఐదు సెకన్లు, వాడు అరవకముందే లోపలికి. తర్వాత పది, అర నిమిషం, రెండు నిమిషాలు. అరిచాడంటే నువ్వు తొందరపడ్డావన్నమాట, ఒక మెట్టు కిందికి దిగు. మా చిన్నీకి అరగంట దాకా రావడానికి ఏడు వారాలు పట్టింది. ఈ లోపల వాణ్ణి నిజంగా ఒంటరిగా వదిలితే నేర్పిందంతా పోతుంది. కనుక ఈ కొద్ది వారాలు ఎవరి దగ్గరైనా ఉంచు, మీవారు రెండు రోజులు ఇంటినుంచి పని చేయగలరేమో అడుగు, క్లాసు సాయంత్రం బ్యాచికి మారుతుందేమో చూడు.

కాపలా అరుపైతే సులువు. కిటికీ మూసి, వీధివైపు చప్పుడు వినబడకుండా రేడియో తక్కువ శబ్దంలో పెట్టు. వాడు పడుకునే పరుపుని తలుపు దగ్గర్నుంచి లోపలి గదికి మార్చు. వెళ్ళేముందు ముక్కుకి పని చెప్పు: పాత తువ్వాలు పరిచి, దాని మడతల్లో పొద్దుటి తిండి గింజలు దాచి చుట్టెయ్. పదిహేను నిమిషాలు అదే లోకం. నేను తడిపిన అన్నం, పెరుగు రబ్బరు బొమ్మలో కూరి డీప్ ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తాను, నాకడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఉల్లిపాయ తగిలినదేదీ పెట్టకు, కుక్కలకి విషం. పొద్దున వెళ్ళేముందు ఐదు నిమిషాల మొక్కుబడి నడక కాదు, నలభై నిమిషాలు వాసనలు చూడనిస్తూ నడిపించు. ఆదివారం గ్రూనెవాల్డ్‌జే చెరువు దగ్గర కుక్కల్ని వదిలే అడవి ఉంది, తీసుకెళ్ళు.

ఒకసారి వెటర్నరీ డాక్టరుకి కూడా చూపించు. చెవిపోటు, కీళ్ళ నొప్పి ఉన్నా కుక్కలు అరుస్తాయి. బాధ మరీ ఎక్కువైతే శిక్షణతోపాటు మందు ఇస్తారు, అందులో తప్పేం లేదు. ట్రైనర్‌ని పెట్టుకుంటే జంతు సంరక్షణ చట్టంలోని పారాగ్రాఫ్ 11 పర్మిషన్ చూపించమని అడుగు. డబ్బు తీసుకుని కుక్కలకి నేర్పేవాళ్ళకి అది ఉండాలి.

ష్టెగ్లిట్జ్ బాబాయ్:

వదిన చెప్పింది అక్షరాలా నిజం. ఉత్తరానికి జవాబు నాలుగు వాక్యాలు చాలు. ఉత్తరం అందింది, విషయం సీరియస్‌గా తీసుకున్నాం, ఫలానా తారీఖు నుంచి ఫలానా పని చేస్తున్నాం, ఏ రోజుల్లో ఏ టైముల్లో అరుపు వినబడిందో దయచేసి పంపండి. తప్పు ఒప్పుకుంటున్నట్టు గానీ, దబాయిస్తున్నట్టు గానీ ఉండొద్దు. ఐన్‌వుర్ఫ్ ఐన్‌ష్రైబెన్‌లో, అంటే రిజిస్టర్డ్ పోస్టులో, పంపి రసీదు ఉంచుకో. చలికోటు జేబులో కాదు, ఫైల్లో!

మోఆబిట్ కొత్తమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. నిన్న వదినగారు చెప్పినట్టు మావారి పాత ఫోన్ చెప్పుల స్టాండు మీద పెట్టి వెళ్ళాను. రాత్రి ఇద్దరం కూర్చుని నాలుగు గంటలూ చూశాం. నేను తలుపు వేసిన వెంటనే బబ్లూ నా ఇంటి చెప్పు ఒకటి నోట కరుచుకుని తలుపు దగ్గరికి తెచ్చి, దాని మీద తల పెట్టి ఇరవై రెండు నిమిషాలు ఊళ పెట్టాడు. తర్వాత నిద్రపోయాడు. పది నలభైకి కింద చెత్త డబ్బాల మూతలు దబదబా పడ్డాయి, లేచి పదమూడు నిమిషాలు అరిచాడు. మళ్ళీ పడుకున్నాడు. గంటల తరబడి కాదు కానీ, ఆ వెనక పెరట్లో నాలుగువైపులా గోడలే, చప్పుడు ఎంత మోగుతుందో వీడియోలోనే తెలుస్తోంది. ఆ ఊళ విని మావారు లేచి వెళ్ళి వాణ్ణి ఎత్తుకున్నారు.

అంటే రెండు రకాలూ ఉన్నాయన్నమాట. నోటుబుక్కు మొదలుపెట్టాను. జవాబు రాశాను, రేపు పోస్టు చేస్తాను. సాయంత్రం బ్యాచిలో వచ్చే నెలకి సీటు ఉందన్నారు. అప్పటిదాకా మూడు వారాలు, పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా, మోఆబిట్, వెడింగ్ వైపు బబ్లూని ఉంచుకోగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా? తిండి నేనే పంపుతాను.

వెడింగ్ తమ్ముడు:

అక్కా, నాకు మంగళ, గురువారాలు ఇంటినుంచే పని. మా అమ్మ కూడా మూడు నెలలకని ఊరినుంచి వచ్చింది, పగలంతా ఇంట్లో తోచక కూర్చుంటోంది. మీ బబ్లూ చెప్పు కూడా తీసుకురండి.