అప్‌డేట్: డిగ్రీ ఉన్న తమ్ముడికి సైన్యంలో చేరగానే పై ర్యాంకు ఇవ్వాలా?

డిగ్రీ, ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉన్న మా తమ్ముడు పదో తరగతి చదివిన వాళ్లతో పాటే అట్టడుగు నుంచి మొదలుపెట్టాలా అని అడిగాను కదా. చాలామంది అమెరికా సంగతి రాశారు. అక్కడి సైన్యంలో డిగ్రీ ఉంటే మామూలు సైనికుడిగా చేరినా స్పెషలిస్ట్ అనే పై హోదా ఇస్తారు. మన దగ్గర ఆ సర్టిఫికెట్‌కు అగ్నివీర్ ఎంపికలో అదనపు మార్కులే, చేతి మీద ర్యాంకు పట్టీ రాదు.

బెంగళూరు అలసూరులో మా పక్కింటి రిటైర్డ్ సుబేదార్ బాబాయి గారు పాత యూనిఫాం చొక్కా తెచ్చి, వెలిసిపోయిన మూడు హవల్దార్ ర్యాంకు పట్టీలు చూపించారు. "హవల్దార్ కావడానికి నాకు ఏళ్లు పట్టిందమ్మా. నిన్న వచ్చిన కుర్రాడికి ఇవి కుట్టిస్తే జవాన్లు వాడి మాట వింటారా?" అన్నారు. మినహాయింపూ ఆయనే చెప్పారు: పాఠాలు చెప్పడానికి బీఈడీ చేసిన పట్టభద్రులను నేరుగా హవల్దార్లుగా, మత బోధకులను అంతకన్నా పై ర్యాంకైన నాయబ్ సుబేదార్లుగా తీసుకుంటారట. వాళ్లు దళాన్ని కాల్పుల్లోకి నడిపించరు కాబట్టి నాకది సబబుగానే తోచింది. జీతం మాత్రం చదువును బట్టి పెంచాలనే అంటాను.

తమ్ముడు బీఈడీకి దరఖాస్తు చేస్తున్నాడు. అమ్మకు సంబరం, వాడికి సగం మనసే.