‘ఘోషా’ అన్న మాట ఎక్కడిది?

ప్రశ్న – పూర్ణామార్కెట్ వాసి

విశాఖపట్నం పాతనగరంలోని విక్టోరియా ఆసుపత్రిని, బోర్డు మీద ఏమి రాసి ఉన్నా, మేమందరం ఘోషాసుపత్రి అనే పిలుస్తాం. పురిటినొప్పులు పడే ఆడవాళ్ల ఘోష వల్లనే ఆ పేరు వచ్చిందని మా వీధిలో పెద్దలు చెబుతారు. కాని పాత జమీందారీ కుటుంబాల ముచ్చట్లలో ‘ఆవిడ ఘోషాలో ఉండేవారు’ అన్న మాట కూడా వింటుంటాను. గడప దాటని స్త్రీలను గురించిన ఆ మాటకూ ఈ ఆసుపత్రి పేరుకూ సంబంధం ఉన్నదా? ఇల్లు కదలలేని వృద్ధులను గురించి కూడా దీనిని వాడవచ్చునా?

జవాబు – నిఘంటుప్రియ

రెండూ ఒకే మాటండీ. సంస్కృత ‘ఘోష’తో మాత్రం దీనికి చుట్టరికం లేదు. ఫారసీలో ‘గోషా’ అంటే మూల. ‘గోషానిషీన్’ అంటే మూలన కూర్చున్నవాడు, అనగా లోకవ్యవహారాలు విడిచి ఏకాంతంలో గడిపే విరాగి. అక్కడ మగవారికీ చెల్లే ఆ మాట, ఉర్దూ మీదుగా మన వైపు వచ్చేసరికి పరపురుషుల కంటబడకుండా లోపలే ఉండిపోయే స్త్రీల ఆచారానికి పేరుగా స్థిరపడింది. హైదరాబాదు గోషామహల్ పేరులో ఉన్నదీ ఇదే. మన నోట గకారానికి ఒత్తు చేరడానికి, చెవికి ముందే అలవాటైన సంస్కృత పదం కారణమై ఉంటుందని నా అభిప్రాయం. పురిటి ఘోష కథకూ ఆ ఒత్తే ఊపిరి పోసి ఉంటుంది.

జవాబు – కోటవీధి, విజయనగరం

ఘోషా పాటించే ఇళ్లలో మగ వైద్యుడు రోగి చెయ్యి పట్టి నాడి చూడడానికి కూడా ఒప్పుకునేవారు కాదు కనుక, స్త్రీలే వైద్యం చేసే ఆసుపత్రులు అవసరమయ్యాయి. 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, ఆపైన లండన్‌లో చదివి వచ్చిన మేరీ షార్లీబ్ 1885లో మద్రాసులో నెలకొల్పిన ఆసుపత్రి పేరులోనే ‘గోషా స్త్రీలు’ అన్న మాట ఉండేది. అదే నేటి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. ట్రిప్లికేన్ జనానికి ఇప్పటికీ అది గోషా ఆసుపత్రే. మా ఊరిలోనూ ఒక ఘోషాసుపత్రి ఉంది. రాణివాసపు స్త్రీలు వచ్చినప్పుడు పరదా కట్టిన మేనా వాకిట ఆగక వరండా లోపలి దాకా వెళ్లేదనీ, వారు దిగేచోట ఇద్దరు దాసీలు దుప్పటి అడ్డుపట్టేవారనీ మా నాయనమ్మ చెప్పేది.

జవాబు – వ్యాకరణం మాస్టారు

ఆచారం మాత్రం ఆ మాట కంటె చాలా పాతది. సూర్యుణ్ణి సైతం చూడనివారు అనే అర్థంలో ‘అసూర్యంపశ్య’ అన్న పదాన్ని సాధించడానికి పాణిని ఒక సూత్రమే చేశాడు. వ్యాఖ్యాతలు దానికి ఇచ్చిన ఉదాహరణ రాజుగారి భార్యలే. ఇక వృద్ధుల సంగతి: ఘోషాలోని స్త్రీకి కాలు కదలక కాదు, కట్టుబాటు కదలనివ్వక. అందుచేత వారికి ఈ మాట పొసగదు. ‘ఇంటిపట్టున ఉన్నారు’ అన్నా, కావాలని ఉన్నారన్న అర్థమే వస్తుంది. మీరు ప్రశ్నలో రాసిన ‘ఇల్లు కదలలేనివారు’ అన్నదే సరైన ప్రయోగం.