1/32 స్పిట్‌ఫైర్: రెక్క దగ్గర సందు ఎలా పూడ్చాలి?

1/32 స్కేల్లో (అసలు విమానంలో 32వ వంతు సైజు) స్పిట్‌ఫైర్ మార్క్ 9 అనే రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ కడుతున్నా. ఎడమ రెక్క బాడీని కలిసే చోట గోరు పట్టేంత సందు వచ్చింది, పుట్టీ పెట్టి గీకితే పక్కనున్న ప్యానెల్ గీతలు (రేకులు కలిసే చోట్లు చూపే సన్నటి గాడులు) కూడా పోయాయి. ఏం చేయాలి? రివెట్లు (రేకులు బిగించే మేకుల గుర్తులు) కూడా వేద్దామనుకుంటున్నా.

జవాబు: పుట్టీ వద్దండీ. సన్నటి ప్లాస్టిక్ షీటు ముక్క సందులో దూర్చి, పల్చటి సిమెంట్ (ప్లాస్టిక్ మోడళ్లు అంటించే జిగురు) తాకించి రాత్రంతా వదిలెయ్యండి. ఆరాక చుట్టూ టేపు వేసి సాండ్‌పేపర్‌తో రుద్దితే గీతలు బతుకుతాయి. పోయినవి దళసరి టేపు అంచు వెంబడి సూదితో మళ్లీ గీయొచ్చు.

జవాబు: రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండి కదిలే భాగం) మీద మాత్రం రివెట్లు వేయకండి, అసలు విమానంలో దానికి గుడ్డ తొడుగే. నేను ఉత్సాహంలో వేసేసి నెత్తి కొట్టుకున్నా.

థాంక్స్ అండీ. 1944 జూన్‌లో నార్మండీ దాడికి మిత్రపక్ష విమానాల మీద వేసిన నలుపు తెలుపు చారలు డెకాల్సా (నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మలు), పెయింటా?

జవాబు: పెయింటే. అసలు చార వెడల్పు 18 అంగుళాలు, మన స్కేల్లో 14.3 మి.మీ. అప్పట్లో హడావిడిగా బ్రష్షుతో వేసినవే ఎక్కువ, అంచు వంకరైనా పర్లేదు.