ప్యాకెట్‌లో కేక్ వాసన, కప్పులో గడ్డినీళ్లు: ఈ డెజర్ట్ గ్రీన్ టీలు ఎలా తాగాలి?

ఆకురసం:
స్వీట్లు తగ్గిద్దామని గట్టిగా అనుకుని ఒక శాంపిల్ బాక్స్ తెప్పించా, కారమెల్, చాక్లెట్, వనిల్లా, బర్త్‌డే కేక్ అని నాలుగు గ్రీన్ టీలు. ప్యాకెట్ విప్పితే వచ్చే వాసనకి స్పూన్‌తో తినేయాలనిపించింది నిజంగా. తీరా మామూలు టీకి లాగే సలసలా మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టి తాగితే నోరంతా చేదు, వగరు, గడ్డి ఉడకబెట్టిన నీళ్లలో ఎవరో సెంటు కొట్టినట్టుంది. తేనె వేస్తే కాస్త నయమే కానీ తీపి మానేద్దామనే కదా ఈ గోలంతా. తప్పు నాదా, టీదా?

మూడోకప్పు:
టీని ఏమనకండి, మరిగే నీళ్లు పోసి మీరే చంపేశారు దాన్ని 😄 ఆ వగరు టీ ఆకులో ఉండే కాటెచిన్లు అనే పదార్థాల వల్ల, నీళ్లు ఎంత వేడిగా ఉంటే, ఎంతసేపు నానితే అంత ఎక్కువ దిగుతాయవి. కమ్మదనం ఇచ్చే థియానిన్ అనే ఇంకో పదార్థం మాత్రం తక్కువ వేడికే బాగా దిగుతుంది. అందుకే 75-80 డిగ్రీలు, రెండు నిమిషాలు, అంతే. థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్లని ఒక చల్లటి కప్పులోకి, అందులోంచి ఇంకో కప్పులోకి ఒంపి అప్పుడు ఆకు మీద పోయండి, ఒంపినప్పుడల్లా ఇంచుమించు పది డిగ్రీలు దిగుతుంది.

నిజంచెప్తా:
ఎన్ని డిగ్రీల్లో పెట్టినా అది కేక్ అవ్వదండీ. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగి చూడండి, అది కారమెలో వనిల్లానో చచ్చినా చెప్పలేరు, ముక్కు వదలగానే గొంతు వెనక నుంచి వాసన ఎక్కి అప్పుడు తెలుస్తుంది. అంటే డెజర్ట్ అంతా ముక్కులోనే, నాలుకకి దొరికేది ఉత్త గ్రీన్ టీ. వనిల్లా వాసన మనకి చిన్నప్పటి నుంచీ చక్కెరతోనే అలవాటు కాబట్టి మెదడు తీపి కోసం చూస్తుంది, రాకపోయేసరికి చేదు ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. లేబుల్ కూడా ఓసారి చదవండి. కొన్నిట్లో తియ్యగా ఉండే స్టీవియా ఆకో, అతిమధురమో కలుపుతారు, కేక్ రకాల్లో అయితే రంగురంగుల చక్కెర పలుకులు కూడా ఉంటాయి, మీరు మానేద్దామనుకున్నది అక్కడే దాక్కుంది!

వేయించినాకు:
అసలు కింద ఏ ఆకు వాడారో ఎవరూ అడగట్లేదేంటి? సెంచా లాంటి జపాన్ రకాలు ఆవిరి పట్టి చేస్తారు, పచ్చి ఆకు వాసన గట్టిగా ఉంటుంది, దాని మీద చాక్లెట్ వేస్తే రెండూ కొట్టుకుంటాయి, వనిల్లా అయితే పర్లేదు. లాంగ్‌జింగ్ లాంటి చైనా రకాలు పెనంలో వేయిస్తారు కాబట్టి కాస్త గింజల రుచి వస్తుంది, కారమెల్ వాటితో బాగా కలుస్తుంది. నన్నడిగితే హోజిచా కొనుక్కోండి, అది కూడా గ్రీన్ టీనే, బాగా కాల్చి బ్రౌన్ రంగు తెప్పిస్తారు, ఏ ఫ్లేవరూ కలపకుండానే కారమెల్ ఛాయ ఉంటుంది. ఇంకోటి, ఆ నాలుగు ప్యాకెట్లూ ఒకే డబ్బాలో పడేయకండి, వారానికల్లా అన్నీ ఒకటే వాసన కొడతాయి.

ఆకురసం:
అప్‌డేట్. కారమెల్‌ది 75లో రెండు నిమిషాలు పెట్టా, అబ్బ, ఇది వేరే టీ! వనిల్లాది రాత్రి చల్లనీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున వడగట్టా, వగరు లేనే లేదు, తీపి లేని లోటు కూడా పెద్దగా తెలీలేదు. చాక్లెట్ మాత్రం ఏం చేసినా తడిసిన అట్టపెట్టె రుచే. కేక్‌ది లేబుల్ చూశా, చక్కెర పలుకులు ఉన్నాయి 🤦 మా తమ్ముడికిచ్చేశా, వాడు పాలు పోసుకుని సూపర్ అంటున్నాడు, గ్రీన్ టీలో పాలేంట్రా అంటే వినడే!

నిజంచెప్తా:
మీ తమ్ముడే తెలివైనోడు. పాలల్లోని కేసిన్ అనే ప్రొటీన్ ఆ కాటెచిన్లని పట్టేసుకుంటుంది, వగరు తగ్గుతుంది. చాక్లెట్‌ది కూడా వాడికే పంపించేయండి.